మా సిమెంటు ల్యాబ్‌లోని ఎక్స్‌రే స్పెక్ట్రోమీటరు: ఆరేళ్ల వాడకం తరువాత

నల్గొండ జిల్లాలో మిర్యాలగూడ దాటి దామరచర్ల, వాడపల్లి వైపు వెళ్లేవారికి సిమెంటు ఫ్యాక్టరీల చిమ్నీలు దూరం నుంచే కనిపిస్తాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నేను చాలా కాలంగా కెమిస్టుగా పనిచేస్తున్నాను. ఆరేళ్ల క్రితం మా ల్యాబ్‌లోకి ఒక ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ స్పెక్ట్రోమీటరు వచ్చింది. మా ప్రాంతంలోని ఇతర ప్లాంట్ల కెమిస్టులు కొత్త యంత్రం కొనే ముందు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్నలకు ఒకచోట సమాధానం ఉండాలన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీ కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డలలో ఎక్కువ భాగం ఈ తరగతి యంత్రాలన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి పేరు లేకపోయినా చదివేవారికి నష్టం ఉండదని నా నమ్మకం.

ఇది ఒకేసారి పది మూలకాలను కొలిచే యంత్రం. లోపల రోడియం ట్యూబు నుంచి వచ్చే ఎక్స్‌రేలు శాంపిల్ మీద పడతాయి, శాంపిల్‌లోని ప్రతి మూలకమూ తనకే ప్రత్యేకమైన ఎక్స్‌రేలను తిరిగి వెలువరిస్తుంది, వాటిని ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్కటిగా అమర్చిన స్ఫటికాలు విడదీసి డిటెక్టర్లకు పంపుతాయి. కాల్షియానికి లిథియం ఫ్లోరైడ్ స్ఫటికం, సిలికాన్‌కూ అల్యూమినియానికీ పీఈటీ అని మనం పిలిచే స్ఫటికం, మెగ్నీషియానికి కృత్రిమంగా పొరలు పొరలుగా తయారుచేసిన స్ఫటికం ఉన్నాయి. ఏ కోణంలో ఏ తరంగదైర్ఘ్యం వస్తుందో చెప్పే బ్రాగ్ సూత్రమూ, ఆ తరంగాన్ని మూలకపు పరమాణు సంఖ్యతో ముడిపెట్టిన మోస్లే పరిశోధనా 1913 నాటివే. ఇరవై ఏడేళ్ల వయసులో 1915లో యుద్ధంలో చనిపోయిన ఆ మోస్లే మహాశయుని పేరు మా షిఫ్టులో చేరే ప్రతి కొత్త కుర్రవాడికీ నేను చెబుతాను. మూడు నిమిషాలలో మన చేతికి వచ్చే రిపోర్టు వెనుక ఆయన చేసిన పని ఉందన్న సంగతి వాళ్లకు తెలియాలని నా కోరిక.

అసలు విషయం ఏమిటంటే, ఈ యంత్రం శాతాలను కొలవదు. అది సెకనుకు ఎన్ని ఎక్స్‌రే ఫోటాన్లు డిటెక్టరులోకి వచ్చాయో లెక్కపెడుతుంది. మనం ల్యాబ్‌లో కౌంట్లు అనేవి అవే. ఆ కౌంట్లను ముందుగా తెలిసిన శాంపిల్స్‌తో పోల్చి గీసిన కాలిబ్రేషన్ గీత మీద పెట్టి, సాఫ్ట్‌వేరు శాతాన్ని లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. తెర మీద కనిపించేది కాల్షియం ఆక్సైడ్ 65.012 అన్న అంకె. దశాంశం తరువాత మూడు స్థానాలు చూసిన ప్రొడక్షన్ వారికి అంత ఖచ్చితత్వం నిజంగానే ఉందన్న భ్రమ కలుగుతుంది. మా యంత్రం మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. కౌంట్లు చూడాలంటే మూడు మెనూలు దాటి లోపలికి వెళ్లాలి, అది కూడా సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌తో. షిఫ్ట్ కెమిస్టుకు రోజూ కళ్ల ముందు ఉండవలసిన అంకెను దాచిపెట్టి, దాని నుంచి పుట్టిన అంకెను మాత్రమే ముందుకు తెచ్చిన సాఫ్ట్‌వేరు రూపకల్పన నాకు ఏమాత్రం నచ్చలేదు.

యంత్రం వచ్చిన మొదటి నెలలో నేను మూడు పరీక్షలు చేశాను. కొనే ముందు ఎవరైనా ఇవే చేయమని అడగాలి కాబట్టి వీటిని కొంత వివరంగా చెబుతాను. మొదటి పరీక్షలో ఒకే క్లింకర్ (కొలిమి నుంచి వచ్చే, నూరితే సిమెంటయ్యే గడ్డలు) పెల్లెట్‌ను, అంటే పొడిని నొక్కి చేసిన బిళ్లను, లోపల పెట్టి, బయటికి తీయకుండా పదిసార్లు వరుసగా కొలిచాను. ఎక్స్‌రేలు రేకుల షెడ్డు మీద పడే వాన చినుకుల వలె క్రమం లేకుండా వస్తాయి కాబట్టి, ఎంత మంచి యంత్రమైనా ప్రతిసారీ అదే అంకె చూపదు. వచ్చిన మొత్తం కౌంట్ల వర్గమూలం ఎంతో, ఆ కౌంట్లలో సహజంగా ఉండే తేడా అంత. మా కాల్షియం ఛానెల్‌లో (కాల్షియానికి కేటాయించిన స్ఫటికం, డిటెక్టరు జతలో) సెకనుకు సుమారు 2,50,000 కౌంట్లు వస్తాయి. 40 సెకన్లలో అది కోటి అవుతుంది, దాని వర్గమూలం 3,162, అంటే 0.03 శాతం తేడా. కాల్షియం ఆక్సైడ్ 65 ఉన్న క్లింకర్‌లో అది 0.02కు సమానం. ఇక ఆ 65.012లోని చివరి అంకెకు అర్థం లేదన్నది ఈ లెక్కతోనే తేలిపోతుంది. పదిసార్లు కొలిచిన విలువలలో తేడా ఈ సిద్ధాంతపు విలువకు ఎంత దగ్గరగా ఉంటే యంత్రం అంత నిలకడగా ఉందని అర్థం. మా యంత్రంలో అది దాదాపు పక్కపక్కనే ఉంది. ట్యూబుకు వోల్టేజీ, కరెంటు ఇచ్చే జనరేటరు ఎంత స్థిరంగా ఉందో ఇందులో తెలిసిపోయింది. ఆ ఒక్క పని విషయంలో ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా వేలెత్తి చూపవలసిన అవసరం రాలేదు.

రెండో పరీక్షలో అదే పెల్లెట్‌ను ప్రతిసారీ బయటికి తీసి, తిరిగి పెట్టి కొలిచాను. తేడా కొద్దిగా పెరిగింది. శాంపిల్ హోల్డరు ప్రతిసారీ ట్యూబు ముందు అదే ఎత్తులో కూర్చోవాలి, వెంట్రుకవాసి దూరం మారినా కౌంట్లు మారతాయి. మూడో పరీక్షలో ఒకే పొడి నుంచి పది వేర్వేరు పెల్లెట్లు తయారుచేసి కొలిచాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. సిలికాన్ కౌంట్లలో వర్గమూలం లెక్క ప్రకారం 0.08 శాతం తేడా ఉండవలసిన చోట 0.4 శాతం వచ్చింది. అంటే ఐదు రెట్లు. ఆ అదనపు తేడాకు కారణం యంత్రం కాదు, పక్క గదిలోని గ్రైండింగ్ మిల్లూ, బ్రికెట్ ప్రెస్సూ, మా చేతులూ. ఈ మూడు పరీక్షలూ విడివిడిగా చేయకుండా ఒకేసారి చివరిది మాత్రమే చేసి ఉంటే, యంత్రం బాగాలేదని కంపెనీకి ఉత్తరం రాసేవాళ్లం.

పెల్లెట్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్లడానికి మనసొప్పడం లేదు. తేలికైన మూలకాల ఎక్స్‌రేలు బలహీనమైనవి. కాల్షియం కిరణం శక్తి 3.69 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుముది 6.40, కానీ సిలికాన్‌ది 1.74, మెగ్నీషియానిది 1.25 మాత్రమే. మెగ్నీషియం కిరణాలు పెల్లెట్ ఉపరితలం నుంచి కొద్ది మైక్రాన్ల లోతులో పుట్టినవి మాత్రమే బయటికి రాగలవు. పది గ్రాముల పొడిని నొక్కి బిళ్ల చేసినా, మెగ్నీషియం విషయంలో యంత్రం చూసేది ఆ పై పొరను మాత్రమే. ఆ పొరలో ఒక క్వార్ట్జ్ రేణువు ముతకగా మిగిలిపోతే సిలికాన్ అంకె మొత్తం దారి తప్పుతుంది. అందుకని మా రా మీల్‌ను (కొలిమిలోకి వెళ్లే ముడి పొడిని) 60, 120, 180, 240 సెకన్ల పాటు నూరి ఒక్కొక్కదానికి కౌంట్లు చూశాను. సిలికాన్ కౌంట్లు పెరుగుతూ పోయి 180 సెకన్ల దగ్గర నిలకడకు వచ్చాయి. అప్పటి నుంచి మా ల్యాబ్‌లో నూరే సమయం 200 సెకన్లు, రాత్రి షిఫ్టులో పని ఎంత ఒత్తిడిగా ఉన్నా దానిని తగ్గించకూడదని గోడ మీద రాసి పెట్టాము. ప్రెస్ నుంచి బయటికి వచ్చిన పెల్లెట్ ముఖం నల్లబల్ల వలె నునుపుగా ఉండాలి. వెలుతురు వైపు తిప్పి చూసినప్పుడు అంచు దగ్గర సన్నని అర్ధచంద్రాకారపు గీత కనిపిస్తే, ఆ పెల్లెట్ లోపలే చీలి ఉందని అర్థం, యంత్రంలోని వ్యాక్యూమ్‌లోకి వెళ్లగానే అది పొడి వదులుతుంది. హాట్ మీల్ (కొలిమిలోకి వెళ్లే ముందు వేడిచేసిన పొడి) పెల్లెట్ అయితే ఇంకా తొందర చేయాలి. అందులోని కాలిన సున్నం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బి, రింగు లోపల కుంభాకారంగా పైకి లేస్తుంది. వానాకాలంలో పావుగంట ఆలస్యమైనా మా కంటికి ఆ ఉబ్బు తెలిసేది.

పొడిగా నొక్కిన పెల్లెట్‌లో ఇంకొక చిక్కు ఉంది. సున్నపురాయిలోని సిలికా (సిలికాన్ ఆక్సైడ్) కొంత క్వార్ట్జ్ రూపంలో, కొంత బంకమట్టి రూపంలో ఉంటుంది. శాతం ఒకటే అయినా ఈ రెండు రూపాలు ఇచ్చే కౌంట్లు ఒకటిగా ఉండవు. గనిలో ఒక బెంచీ (మెట్టుగా తవ్విన అంచె) నుంచి ఇంకొక బెంచీకి మారినప్పుడు కెమిస్టు చేతిలో ఏ తప్పూ లేకుండానే సిలికా ఫలితం పక్కకు జరుగుతుంది. దీనికి విరుగుడు, పొడిని లిథియం టెట్రాబోరేట్‌తో కలిపి ప్లాటినం-బంగారం మూసలో సుమారు 1050 డిగ్రీల దగ్గర కరిగించి గాజు బిళ్లగా పోయడం. గాజులో ఖనిజపు గుర్తులేవీ మిగలవు. ప్లాటినం మూస ఖరీదైనది, పనికి సమయం పడుతుంది, గంట గంటకూ శాంపిల్ వచ్చే ప్లాంటులో ప్రతిదానికీ ఇది చేయలేము. మేము కొత్త బెంచీ మొదలుపెట్టినప్పుడు మాత్రం తప్పకుండా చేసి, పెల్లెట్ల కాలిబ్రేషన్‌ను దానితో సరిచూసుకుంటున్నాము.

ఇంత సూక్ష్మంగా ఎందుకు అని ప్రొడక్షన్ వారు అడిగినప్పుడు నేను ఆక్సైడ్ల శాతాల నుంచి క్లింకర్‌లోని సమ్మేళనాలను లెక్కగట్టే బోగ్ సమీకరణాన్ని కాగితం మీద వేసి చూపిస్తాను. క్లింకర్‌లో బలాన్ని ఇచ్చే ట్రైకాల్షియం సిలికేట్‌ను లెక్కగట్టేటప్పుడు కాల్షియం ఆక్సైడ్‌ను 4.071తో హెచ్చవేస్తాము, సిలికాను 7.600తో హెచ్చవేసి తీసివేస్తాము. సిలికా పావు శాతం తక్కువగా వస్తే ట్రైకాల్షియం సిలికేట్ లెక్కలో సుమారు 1.9 ఎక్కువగా కనిపిస్తుంది. ఎల్‌ఎస్‌ఎఫ్ (మిగతా ఆక్సైడ్లకు సున్నం ఎంత సరిపోతుందో చెప్పే అంకె) కూడా అంతే. కాల్షియం ఆక్సైడ్ 65, సిలికా 21.2, అల్యూమినా 5.3, ఐరన్ ఆక్సైడ్ 4 ఉన్న క్లింకర్‌కు ఎల్‌ఎస్‌ఎఫ్ 95 దాకా వస్తుంది, సిలికా ఒక్కటే 20.95గా చదివితే 96 దాటుతుంది. ఆ ఒక్క పాయింటును చూసి సీసీఆర్‌లో (సెంట్రల్ కంట్రోల్ రూమ్‌లో) కూర్చున్న ఆపరేటరు సున్నపురాయి తగ్గిస్తాడు.

సరిగ్గా ఇదే మా దగ్గర జరిగింది. మూడేళ్ల క్రితం మే నెలలో ఒక రాత్రి స్పెక్ట్రోమీటరు గదిలోని ఏసీ ఆగిపోయింది. బయట రాత్రి పదకొండుకు కూడా వడగాలి వీస్తున్న రోజులవి. గది 24 డిగ్రీల నుంచి 33కు చేరింది. పీఈటీ స్ఫటికం వేడికి బాగా వ్యాకోచిస్తుంది, పొరల మధ్య దూరం పెరిగితే సిలికాన్ కిరణం వచ్చే కోణం మారుతుంది, మా యంత్రంలో ఛానెళ్లు కదలకుండా బిగించి ఉంటాయి కాబట్టి కిరణం అత్యధికంగా వచ్చే శిఖరం పక్కకు జరిగినంత మేరకు కౌంట్లు పడిపోతాయి. యంత్రం లోపల ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచే ఏర్పాటు ఉంది, కానీ గది అంత వేడెక్కినప్పుడు అది చేతులెత్తేసింది. మూడు గంటల పాటు సిలికా కొద్దికొద్దిగా తగ్గుతూ కనిపించింది, ఎల్‌ఎస్‌ఎఫ్ పెరుగుతూ కనిపించింది, సీసీఆర్ వారు సున్నపురాయి తగ్గిస్తూ పోయారు. రెండు గంటలకు షిఫ్ట్ కెమిస్టు నాకు ఫోన్ చేసి, "అన్నా, సిలికా గిట్ల దిగుతనే ఉన్నది, గనిల రాయి మారిందా ఏంది?" అని అడిగాడు. మానిటర్ శాంపిల్ (యంత్రాన్ని సరిచూసుకునే, మారని గాజు బిళ్ల) పెట్టి చూశావా అని అడిగితే, షిఫ్టు మొదట్లో పెట్టానని చెప్పాడు. మళ్లీ పెట్టమన్నాను. రాయిలో మార్పు ఉంటే మానిటర్ గాజు బిళ్ల కౌంట్లు మారకూడదు. అవి కూడా పడిపోయి ఉన్నాయి. వెంటనే పాత ఫీడ్‌కు తిప్పించాము, అయినా ఆ మూడు గంటల మీల్ కిల్న్‌లోకి (కొలిమిలోకి) వెళ్లింది. తెల్లవారి రసాయనాలతో చేసే తడి పద్ధతిలో సిలికాను తూచి చూస్తే, మేము తగ్గించిన సున్నపురాయి లెక్కకు సరిపోయేటట్టు క్లింకర్‌లో ట్రైకాల్షియం సిలికేట్ తక్కువగా వచ్చింది. ఆ కుర్రవాడిని ఎవరూ ఏమీ అనకుండా నేను అడ్డు నిలబడ్డాను, ఎందుకంటే గది ఉష్ణోగ్రతకు అలారం పెట్టించకపోయిన తప్పు నాది. ఇప్పుడు రెండో ఏసీ ఉంది, అలారం ఉంది, మానిటర్‌ను ఎండాకాలంలో రెండు గంటలకు ఒకసారి పెడుతున్నాము.

మానిటర్ శాంపిల్ అంటే ఎన్నేళ్లయినా మారని ఒక గాజు బిళ్ల. దాని కౌంట్లు మొదటి రోజున ఎంత ఉన్నాయో రాసి ఉంచి, ఈ రోజు ఎంత ఉన్నాయో చూసి, ఆ రెండింటి నిష్పత్తితో, అంటే ఫ్యాక్టరుతో, ఫలితాన్ని సవరిస్తారు. దీనిని డ్రిఫ్ట్ కరెక్షన్ అంటారు. సౌకర్యమైన ఏర్పాటే, కానీ నాలుగో ఏట ఇదే మమ్మల్ని మోసపుచ్చబోయింది. మెగ్నీషియం ఫ్యాక్టరు 1.00 నుంచి నెమ్మదిగా 1.30 దాకా పెరిగింది. అంటే వచ్చే కౌంట్లు దాదాపు పావు వంతు తగ్గాయి. శాతాలు మాత్రం సరిగ్గానే వస్తున్నాయి, ఎందుకంటే తగ్గిన కౌంట్లను 1.30తో హెచ్చవేస్తున్నారు. సర్వీసుకు వచ్చిన ఇంజనీరు మానిటర్ విలువను కొత్తగా రాయించి, ఫ్యాక్టరును తిరిగి 1.00 చేసి, యంత్రం బాగుందని సంతకం పెట్టి వెళ్లాడు. నాకు ఆ పని చాలా బాధ కలిగించింది. కౌంట్లు తగ్గితే వాటి వర్గమూలపు తేడా శాతంలో పెరుగుతుంది, హెచ్చవేతతో నిజంగా వచ్చిన కౌంట్లు పెరగవు, అంకెతో పాటు అందులోని తడబాటు కూడా పెరుగుతుంది. జబ్బు తెలిపే గుర్తును తుడిచివేశారు కానీ జబ్బును చూడలేదు. నేను పాత ఫ్యాక్టర్లన్నీ నోటు పుస్తకంలో రాసి ఉంచుకున్నాను కాబట్టి, మెగ్నీషియంలో మొదలైన తరుగు తరువాత అల్యూమినియం, సిలికాన్‌లలో కొద్దికొద్దిగా కనిపించిందనీ, కాల్షియం, ఇనుములలో లేదనీ చూపించగలిగాను. తేలికైన మూలకాలను మాత్రమే పట్టుకుంటున్న ఆ తరుగుకు కారణం గ్యాస్ డిటెక్టర్ల ముందు ఉండే పలుచని పొర మీద పేరుకున్న దుమ్ము అని తరువాత తేలింది. పొరలు మార్చాక మెగ్నీషియం కౌంట్లు దాదాపు మొదటి రోజు స్థాయికి వచ్చాయి. సర్వీసు కోసం మేము ఎదురుచూసిన రోజులు ఐదు వారాలు. యంత్రం కొనేటప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరు ఉంటాడా, విడిభాగాలు ఎక్కడ నిల్వ ఉంటాయి అన్న రెండు విషయాలు కాగితం మీద రాయించుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను.

దుమ్ము లోపలికి రావడానికి యంత్రం నిర్మాణం కూడా ఒక కారణం. మా దాంట్లో ట్యూబు కింద ఉంటుంది, పెల్లెట్ ముఖం కిందికి చూస్తుంది, రాలిన పొడి నేరుగా ట్యూబు కిటికీ మీద పడుతుంది. ఆ కిటికీ బెరీలియం లోహంతో చేసిన, మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని పలుచని రేకు, దానిని తుడవకూడదు, తాకకూడదు. ట్యూబు పైన ఉండే రకం యంత్రాలూ ఉన్నాయి. రోజూ పొడి పెల్లెట్లతో పనిచేసే సిమెంటు ల్యాబ్‌కు ఆ రకమే మేలని నా అభిప్రాయం.

లెక్కపెట్టే పనిలో ఇంకొక సుగుణం గురించి చెప్పాలి. ఒక ఫోటాన్‌ను నమోదు చేసే క్షణంలో డిటెక్టరు రెండోదాన్ని చూడలేదు. ఆ క్షణాన్ని డెడ్ టైమ్ అంటారు. అది ఒక మైక్రోసెకను అనుకుంటే, సెకనుకు లక్ష కౌంట్లు నమోదైన చోట నిజానికి వచ్చినవి 1,11,000 దాకా ఉంటాయి. సున్నపురాయిలో కాల్షియం కౌంట్లు విపరీతంగా వస్తాయి కాబట్టి ఈ సవరణ సరిగ్గా లేకపోతే ఎక్కువ సున్నం ఉన్న శాంపిల్స్ అన్నీ తక్కువగా చదువుతాయి. నేను ట్యూబు కరెంటును 10, 20, 40 మిల్లీ ఆంపియర్లకు పెంచుతూ చూశాను. కౌంట్లు ప్రతిసారీ రెట్టింపు కావాలి. అర శాతం లోపు తేడాతో రెట్టింపయ్యాయి. ఇది నిజంగా మెచ్చుకోవలసిన పనితనం. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, డెమోలో ఎవరైనా అడగవచ్చు.

గ్యాస్ విషయం త్వరగా చెబుతాను. తేలికైన మూలకాల డిటెక్టర్లలో 90 శాతం ఆర్గాన్, 10 శాతం మీథేన్ కలిసిన గ్యాస్ నిరంతరం ప్రవహించాలి. మా సిలిండర్లు హైదరాబాద్ నుంచి రావాలి. సిలిండరు అడుగంటే దాకా వాడకూడదు, మార్చిన తరువాత డిటెక్టరు ఇచ్చే సంకేతపు పల్స్ ఎత్తు సరిచూడకుండా శాంపిల్ పెట్టకూడదు. మా నల్గొండ నీళ్ల గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. ట్యూబును చల్లబరిచే లోపలి నీరు అయాన్లు తీసేసిన నీరు, దానితో ఇబ్బంది లేదు. ఆ నీటిని చల్లబరిచే బయటి వలయానికి మొదట్లో బోరు నీళ్లు పెట్టారు. ఏడాది తిరగకుండానే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల లోపల తెల్లని సున్నపు పొర కట్టి, ఎండాకాలం మధ్యాహ్నాలలో ట్యూబు తనంతట తానే ఆగిపోవడం మొదలైంది. గొట్టం విప్పి చూసినప్పుడు చూపుడు వేలు పట్టవలసిన చోట చిటికెన వేలు కూడా పట్టలేదు. శుద్ధి చేసిన నీటికి మార్చాక ఆ బాధ తప్పింది. యూజర్ మాన్యువల్‌లో నీటి కఠినత్వానికి పరిమితి ఒక మూల రాసే ఉంది, యంత్రాన్ని అమర్చడానికి వచ్చినవారు దానిని నోటితో చెప్పి ఉంటే మాకు ఏడాది కలిసివచ్చేది.

నీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సంగతి. మర్రిగూడ వైపు నుంచి వచ్చి మా దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసే ఒక పెద్దమనిషి ఒకరోజు సీసాలో బోరు నీళ్లు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చి, "సారూ, ఈ మిషన్ల పెడితే ఫ్లోరైడు ఎంతున్నదో తెలుస్తదా?" అని అడిగారు. ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిన ఎముకలతో బతికిన తరాన్ని చూసిన జిల్లా మాది, ఆ ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పి పంపలేను. ఆయనను కూర్చోబెట్టి వివరించాను. ఫ్లోరిన్ కిరణం శక్తి 0.68 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అది డిటెక్టరు ముందున్న పొరలోనే చాలావరకు ఇంకిపోతుంది, పైగా వ్యాక్యూమ్‌లో నీళ్లు పెట్టలేము. తాగునీటిలో అనుమతించే పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంత తక్కువ పరిమాణాన్ని ఈ యంత్రం గుర్తించలేదు. దానికి ఫ్లోరైడును మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడు ఉన్న చిన్న మీటరు కావాలి, ధరలో మా యంత్రంతో పోలికే లేదు. ఆ సీసాను అలాంటి మీటరు ఉన్న నీటి పరీక్షల ల్యాబ్‌కు నేనే పంపించాను. కోట్ల ఖరీదు చేసే యంత్రం అన్నీ చెబుతుందన్న నమ్మకం ఆయనకే కాదు, మా యాజమాన్యంలో కూడా కొందరికి ఉండేది.

అది చెప్పలేనివి సిమెంటులో కూడా ఉన్నాయి. క్లింకర్‌లో కలవకుండా మిగిలిన ఫ్రీ లైమ్‌లోని కాల్షియమూ, సిలికేట్‌లోని కాల్షియమూ దీనికి ఒకటే, రెండూ అదే కిరణాన్ని ఇస్తాయి. ఫ్రీ లైమ్‌ను మేము ఇప్పటికీ ఇథిలీన్ గ్లైకాల్‌తో టైట్రేషన్ చేసి కనుక్కుంటున్నాము. లాస్ ఆన్ ఇగ్నిషన్ (కాల్చినప్పుడు తగ్గే బరువు) మఫిల్ ఫర్నేస్‌లోనే చూడాలి. అందుచేత ఎక్స్‌రే వచ్చింది కదా అని బ్యూరెట్లను అటక మీద పెట్టిన ల్యాబ్‌లను చూసినప్పుడు నాకు ఆందోళనగా ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 4032లోని తడి పద్ధతులు చేతనైన మనిషి ఒక్కరైనా ల్యాబ్‌లో ఉండాలి. ఆ మే నెల తెల్లవారుజామున మాకు నిజం చెప్పింది ప్లాటినం మూసలో కాల్చి తూచిన సిలికాయే.

మిర్యాలగూడ బజారులో బంగారం నాణ్యత చూసే క్యారట్ మీటరు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. అందులో స్ఫటికాలు ఉండవు, డిటెక్టరే కిరణాల శక్తిని వేరుచేస్తుంది. ఉపరితలాన్ని మాత్రమే చూడడం అన్న పరిమితి దానికీ ఉంది కాబట్టి, మందంగా పూత పూసిన నగ విషయంలో ఆ అంకె ఒక్కదానినే నమ్మి కొనకూడదు. ఎక్స్‌రే యంత్రం కనుక మా దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. మూత తెరిస్తే ఎక్స్‌రే ఆగిపోయే ఇంటర్‌లాకులను మేము ప్రతి మూడు నెలలకూ పరీక్షిస్తున్నాము. ఆ విషయంలో మా యంత్రం ఎన్నడూ తడబడలేదు.

ధరకు తగిన విలువ ఉందా అని అడిగితే, ఉందని నిస్సంకోచంగా చెబుతాను. ఒక మనిషి రోజంతా కష్టపడి చేసే విశ్లేషణను ఇది నూరడం, నొక్కడంతో కలిపి పది నిమిషాలలో ఇస్తోంది. కౌంట్ల నిలకడకు పూర్తి మార్కులు, డెడ్ టైమ్ సవరణకు కూడా అంతే. సాఫ్ట్‌వేరుకు సగం, సర్వీసుకు సగం కంటే తక్కువ. డెమోకు వచ్చేవారు తమ పెట్టెలో తెచ్చే మెరిసే గాజు బిళ్లలతోనే అన్నీ చూపించాలనుకుంటారు. మీ గని రాయిని మీ మిల్లులో నూరి, మీ ప్రెస్‌లో నొక్కి పది పెల్లెట్లు వారి ముందు పెట్టి, శాతాలు కాకుండా కౌంట్లు ముద్రించి ఇవ్వమని అడగండి.

రెండో కిల్న్ ల్యాబ్‌కు ఇంకొక యంత్రం తీసుకునే ఆలోచన మా దగ్గర నడుస్తోంది. ట్యూబు పైన ఉన్న రకం కావాలనీ, కౌంట్లు మొదటి తెర మీదే కనిపించాలనీ, గది ఏసీలు రెండు ఉండాలనీ, బయటి వలయానికి శుద్ధి చేసిన నీటి లైను ముందుగానే వేయాలనీ కొనుగోలు విభాగానికి రాసి ఇచ్చాను. దానికి నా నోటు పుస్తకంలోని ఆరేళ్ల ఫ్యాక్టర్ల పేజీలన్నీ జిరాక్సు తీయించి జత చేశాను.